సూది గుచ్చని పసుపు కార్డు

ఖరిదా, ఖరగ్‌పూర్
25 సెప్టెంబరు 2025, గురువారం

చిరంజీవి గిరిబాబుకు, మీ బావ అప్పలకొండ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అక్క మీనాకుమారి క్షేమం. నీ క్షేమం అడగను, దాని మీదే నాకు అనుమానం.

ఎయిర్‌పోర్టు డాక్టరునని హిందీలో ఫోన్ చేసి హడలగొట్టినందుకు నా నంబరు ఆపేశావు. మీ అక్క చేసినా, పక్కన నేనుంటానని పెట్టేస్తున్నావు. అందుకే ఈ కాగితం. రోజూ పొద్దున్న లోకల్ రైల్లో హౌరా వెళ్లే మన నూకయ్య చేత నీ కలకత్తా గెస్ట్‌హౌస్‌కు పంపుతున్నాను. చింపకుండా చదువు.

నీలా ఉద్యోగానికి ఉగాండా వెళ్లేవాడు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటు చూపించాలి. నువ్వు మాకూ చూపించావు, ఇల్లిల్లూ తిప్పి మరీ చూపించావు. టీకా తేదీ సెప్టెంబరు పదిహేడు. ఒరే, ఆ రోజు విశ్వకర్మ పూజ. మన వర్క్‌షాపు ఇళ్లలో పుట్టినవాడెవడైనా ఆ రోజు ఊరు దాటతాడా? పొద్దుగూకేదాకా మా షాపులో లేత్ మిషన్‌కు బంతిపూలు కట్టి, కిచిడీ వడ్డించింది నువ్వే. ఫోటోలో కూడా గరిటెతో ఉన్నావు. మరి కలకత్తాలో సూది ఎవరికి పొడిచారు?

ఏ చేతికి వేశారురా అంటే ఎడమ అన్నావు. మర్నాడు మీ అక్క అడిగితే కుడి అన్నావు. నీ సంగతి నాకు తెలియదా? రక్తదాన శిబిరమంటే మరుగుదొడ్డిలో గడియ పెట్టుకున్న మనిషివి. ఇదంతా చెబితే మీ అక్క నా మీదే లేచింది. ఏటి, ఊరందర్నీ ఏడిపించింది సాలక మా తమ్ముడి మీద పడినావా, ఆడి భుజంతో నీకేటి పని అంది. కాసేపటికి వంటింట్లోంచి వచ్చి, నిజంగా ఏయించుకోలేదేటి అని మెల్లగా అడిగింది. అప్పటినుంచి సరిగా తినడం లేదు.

ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ కొట్టు నడిపే ప్రేమ్‌కుమార్ మీదా నాకు అనుమానమే. సూది లేకుండానే కార్డు దొరుకుతుంది దాదా అని నీ చెవిలో ఊదింది వాడేనట. వాడికంత తెలివి ఎక్కడిది? వెనక ఎవడో ఉన్నాడు.

టీకా వేసిన పది రోజులకు గాని కార్డు చెల్లదు. నీ విమానం అక్టోబరు ఎనిమిది. రేపు శుక్రవారం దాటితే దుర్గాపూజ సెలవులు, టీకా కేంద్రం తలుపు తీయరు. దొంగ కార్డుతో దిగితే అక్కడ ఆపేశారా, నయమే. ఆపకపోతే? దోమకు కార్డు చదవడం రాదు. ఆ జ్వరం ముదిరి కామెర్లు కమ్మితే విరుగుడు మందంటూ లేదని మన ఆసుపత్రి నర్సమ్మ జ్ఞానరత్నం చెప్పింది.

ఇట్లు,
నిన్ను నమ్మని నీ బావ
అప్పలకొండ

తా.క.: ఈ ముక్క శుక్రవారం పొద్దున్న, నూకయ్య పక్కన కూర్చుని రైల్లో రాస్తున్నాను, అక్షరాలు ఊగుతున్నాయి. ప్రేమ్‌కుమార్‌కు నేర్పింది నేనే. కార్డు మీద ముద్ర నేను చేయించిందే, ఆ తేదీ కావాలని నేను వేయించిందే. పూజ తేదీ చూడగానే ఆట తెలిసిపోయి తిడతావనుకున్నాను. నువ్వు తేదీ చూడలేదు. వీడ్కోలు భోజనాల్లో బయటపెట్టి నవ్వుదామనుకుంటే, కంపెనీ నిన్ను ముందే కలకత్తా పిలిచేసింది. మీ అక్కకు ఇంకా చెప్పలేదు, ధైర్యం చాలలేదు. నీ గదికి నూకయ్య ఒక్కడే వస్తాడు. నేను మీ గెస్ట్‌హౌస్ గేటు దగ్గరే ఉంటాను. కిందికి రా. ఆ కార్డు నా చేతికియ్యి, చెంప మీద ఒకటియ్యి, టీకాకు పద. సూది చూడలేకపోతే కళ్లు మూసుకో, చెయ్యి నేను పట్టుకుంటాను.