యాభై కిలోల ఖాళీ

సెప్టెంబర్ 29, 2024. ఆదివారం

నోటి దురద. ఇంకేం కాదు.

కాలేజీ క్లినిక్‌లో కూర్చుని కడుపునొప్పి పిల్లలకి మాత్రలిచ్చుకునే నర్సుని. ఈరోజు డీన్ మేడమ్ బీపీ చూపించుకోడానికి వచ్చింది. చిన్న కాలేజీల డివిజన్‌లో ఈ ఏడాది ఆడపిల్లల రెజ్లింగ్ పెడుతున్నారట. మన కాలేజీ పేరు ఇచ్చేసిందట. సౌదీలో ఈ ఖోబర్ ఊరంతా వెతికినా లేడీ కోచ్ దొరకడం లేదట. నేను ఊరుకోవచ్చు కదా. గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు యూనివర్సిటీ తరఫున కుస్తీ పట్టేదాన్నని చెప్పాను. చేతికి బీపీ పట్టీ ఉండగానే ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది. ఖలాస్, ఇక అయిపోయింది, నువ్వే కోచ్‌వి అంది.

ఎక్స్‌ట్రా ఏమైనా ఇస్తారా అంటే చూద్దాం అంది. ఇకామాలో, అదే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్‌లో, నర్స్ అనే ఉంటుందట, దాన్ని కదపక్కర్లేదట.

మా ఆయన కొర్నేలుకి ఫోన్ చేశాను. జుబైల్‌లో డ్యూటీలో ఉన్నాడు. పెళ్లయ్యాక నన్ను తప్ప ఎవర్నీ పడెయ్యలేదు కదే, పట్లు గుర్తున్నాయా అన్నాడు. గురువారం ఇంటికి రా చూపిస్తాను అన్నాను.

నిజం చెప్పాలంటే ఒళ్లంతా ఏదోలా ఉంది. సంతోషమే.

అక్టోబర్ 9

ఆరు వెయిట్లు. యాభై, యాభై మూడు, యాభై ఏడు, అరవై రెండు, అరవై ఎనిమిది, డెబ్బై ఆరు. ఒక్కో వెయిట్‌కి ఒక్కో పిల్ల. ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా కాలేజీని డివిజన్ నుంచి తీసేస్తారు. రూల్.

ఐదుగురు వచ్చారు. ఫర్జానా అని పాకిస్తానీ పిల్ల, యాభై ఏడు. అన్నలతో కొట్టుకుని పెరిగిందట, పట్టుకుంటే ఉడుంపట్టు. డెబ్బై ఆరుకి అబీర్, ఇక్కడి పిల్లే, ఓపిక తక్కువ, బలం ఎక్కువ. మిగతా ముగ్గురికీ సరదా. సరదా ఎన్నాళ్లుంటుందో చూడాలి.

కిందనున్న బ్యాడ్మింటన్ హాల్లో మ్యాట్ వేశారు. ఎవరో వాడి పారేసింది. మధ్యలో చిరిగితే క్లినిక్‌లోంచి ప్లాస్టర్ తెచ్చి నేనే అతికించాను.

యాభై ఖాళీ.

అక్టోబర్ 14

ఇంకా ఖాళీయే. క్యాంటీన్లో సన్నగా ఉన్న ప్రతి పిల్లనీ దొంగచూపులు చూస్తున్నాను.

అక్టోబర్ 20

దొరికింది. కళ్లు తిరుగుతున్నాయని క్లినిక్‌కే వచ్చింది. సురయ్యా, అకౌంటింగ్ సెకండ్ ఇయర్. పుట్టింది ఖోబర్‌లోనే. అమ్మానాన్నలది నిజామాబాద్. అమ్మ ఇండియన్ స్కూల్లో టీచర్. నేను ఫోన్లో మాట్లాడేది విని తెలుగులోనే పలకరించింది.

రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు రాసి బరువు చూశాను. నలభై ఆరు. ఆ క్షణాన నాకు ఆ పిల్ల పాలిపోయిన మొహం కనపడలేదు. సిగ్గులేకుండా రాస్తున్నాను, యాభై కిలోల ఖాళీ నిండినట్టు కనపడింది.

నువ్వేం చెయ్యక్కర్లేదు, మ్యాట్ మీదికి వెళ్లి చెయ్యి కలిపి వెల్లకిలా పడుకుంటే చాలు, టీమ్ బతుకుతుంది అని చెప్పాను. నవ్వింది. ఊకె పండుకునుడే గద, ఇంట్ల గూడ గదే జేస్త అంది.

నవంబర్ 7

మిగతా అందరికీ నేనింకా సిస్టర్‌నే. సిస్టర్, ఈ పట్టు ఎలా విడిపించాలి. సిస్టర్, తలనొప్పి మాత్ర. సురయ్యా ఒక్కతే కోచ్ అంటుంది.

ఆ పిల్లకి దెబ్బ తగలకుండా పడటం మాత్రమే నేర్పుతున్నాను. అంతకన్నా నేర్పి ఏం లాభం. ఈరోజు అందరూ వెళ్లిపోయాక ఇంటికెళ్లడానికి అబాయా వేసుకోకుండా నిలబడింది. పడుడు నేర్పిన్రు గద కోచ్, పడ్డంక వీపు ఆనకుండ ఉండుడు గూడ నేర్పుండ్రి అంది.

బ్రిడ్జ్ చూపించాను. తల, పాదాలు మ్యాట్ మీద ఆనించి నడుం పైకి లేపడం. నాలుగైదు ఊపిర్లకే మెడ వణికింది, పడిపోయింది. మళ్లీ లేపింది. కొర్నేలు బయట కారు హారన్ కొడుతూనే ఉన్నాడు.

డిసెంబర్ 12

మొదటి రౌండ్ మ్యాచ్‌లు అయ్యాయి. ఫర్జానా అన్నీ గెలిచింది. సురయ్యా అన్నీ ఓడింది, ప్రతిసారీ భుజాలు రెండూ మ్యాట్‌కి ఆని చిత్. ఓడి లేచి, స్కార్ఫ్ సర్దుకుని, ఎదుటి పిల్లకి చెయ్యిచ్చి, ఎన్ని సెకన్లు ఆగిన్నని నన్నే అడుగుతుంది. ప్రతిసారీ పోయినసారి కన్నా కాస్త ఎక్కువే.

జనవరి 21, 2025

డీన్ మేడమ్ ప్రెజెంటేషన్ ఇచ్చింది. ప్రోగ్రామ్ గ్రోత్ అట, ఫ్యూచర్ ప్రాస్పెక్ట్స్ అట. పైకి పోయే ఆకుపచ్చ బాణం గుర్తు. చిన్న కాలేజీలకి ఇంత త్వరగా పేరు రావాలంటే రెజ్లింగే దారి అని బోర్డు వాళ్లకి చెప్పింది. కొత్త కోర్సు పెట్టాలంటే ల్యాబ్ కావాలి, ప్రొఫెసర్లు కావాలి. దీనికి ఒక మ్యాట్, ఆరుగురు పిల్లలు చాలు. ఈ ఏడాది అడ్మిషన్ల ఎంక్వయిరీలు కూడా పెరిగాయట.

ప్లాస్టర్ అతికించిన చోటు ఆ స్లైడ్‌లో లేదు. వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి.

ఫిబ్రవరి 6. గురువారం

దమ్మాంలో ఫైనల్. అక్షరాలు ఎలా పడితే అలా పోతున్నాయి.

ఆడవాళ్ల హాలు కాబట్టి గేటు దగ్గరే ఫోన్లు సంచిలో వేయించుకున్నారు. కొర్నేలు, సురయ్యా వాళ్ల నాన్న బయట కార్ల దగ్గర సమోసాలు తింటూ నిలబడ్డారు. ఎదుటివాళ్లు హఫూఫ్ కాలేజీ. మొదటి కుస్తీ యాభై కిలోలదే. వాళ్ల పిల్ల భుజాలు చూడగానే నేను సురయ్యా చెవిలో, తొందరగా పడిపోరా తల్లీ, మెడ జాగ్రత్త అన్నాను. కోచ్ అనిపించుకునేదాన్ని, ఆ మాట అన్నాను.

పడింది. కానీ వీపు ఆనలేదు. బ్రిడ్జ్ మీద నిలబడింది. రిఫరీ నేలమీద బోర్లా పడుకుని భుజాల కింద సందు చూస్తోంది. చెయ్యి చరుస్తుందా, చరుస్తుందా అని మేమంతా ఊపిరి బిగబట్టాం. చరచలేదు. సురయ్యా మెలితిరిగి బోర్లా పడింది. లేచింది. మళ్లీ ఎత్తి పడేసింది హఫూఫ్ పిల్ల. మళ్లీ బ్రిడ్జ్. పెదవి చిట్లి రక్తం కారుతోంది. నేను కుర్చీ మీద లేను, ఎప్పుడు లేచానో తెలియదు. తెలుగులో అరుస్తున్నాను. ఫర్జానా నా పక్కన ఉర్దూలో అరుస్తోంది.

టైం అయిపోయింది. ఎనిమిది–సున్నాతో ఓడిపోయింది. కానీ చిత్ కాలేదు. చిత్ అయితే ఎదుటి టీమ్‌కి ఐదు పాయింట్లు, ఇలా ఓడితే మూడు. అప్పటికి అది ఎవరికీ పట్టలేదు.

ఆరు కుస్తీలూ అయ్యేసరికి మూడు మావి, మూడు వాళ్లవి. పాయింట్లు కూడారు. ఒక్క పాయింట్ మాది ఎక్కువ. ఫర్జానాకే ముందు అర్థమైంది. వెళ్లి సురయ్యాని భుజాల మీదికి ఎత్తుకుంది. సురయ్యా నేనోడిన కదా, నన్నెందుకు లేపుతున్నరు అని అడుగుతూనే ఉంది. మెడ పక్కకి తిప్పలేకపోతోంది.

ఫోటో లేదు. ఫోన్లు సంచిలో ఉన్నాయి.

ఫిబ్రవరి 9

కాలేజీ పేజీలో ఫోటో పెట్టారు. టేబుల్ మీద కప్పు. పక్కన డీన్ మేడమ్.

ఫిబ్రవరి 17

పొద్దున డీన్ మేడమ్ రూమ్‌కి పిలిచింది. ఖర్జూరాలు, కహ్వా కాఫీ. అంటే ఏదో ఉంది.

మనం పై డివిజన్‌కి వెళ్తున్నామట. పెద్ద యూనివర్సిటీలతో ఆడతామట. దానికి సర్టిఫికెట్ ఉన్న కోచ్ కావాలి, ట్యునీషియా నుంచి ఒకావిడ ఈద్ తరవాత వస్తుంది. రియాద్ నుంచి, జెడ్డా నుంచి నలుగురు పిల్లల్ని ఫీజు మాఫీ చేసి తెస్తున్నారు. సగంకన్నా ఎక్కువ టీమ్ రెడీగానే ఉంది. నన్ను అసిస్టెంట్ కోచ్ చేస్తారట. కాగితం మీద, ఇకామాలో కూడా. పాతవాళ్లలో ఇద్దరికే చోటుందట. ఎవరో నువ్వే చెప్పు, నీకన్నా ఎవరికి తెలుసు అంది.

ఫర్జానా, అబీర్ అన్నాను.

సురయ్యా పేరు నా నోటిదాకా రాలేదు. అబద్ధం. వచ్చింది. మింగేశాను. యాభైకి రియాద్ పిల్ల వస్తోంది, దేశం జూనియర్ టీమ్‌కి ఆడిందట. సురయ్యా అని అంటే డీన్ నవ్వేది, నా లెక్క ఇంతేనా అనుకునేది, ఆ ఇకామా మాట వెనక్కి తీసుకునేదేమో. ఇంత చిన్న భయం. నలభై ఆరు కిలోల పిల్ల అంత పెద్ద పిల్ల కింద మెడ విరిగేలా నిలబడితే, నేను ఒక పేరు పలకలేకపోయాను.

ఈద్ దాకా ఎవరికీ చెప్పొద్దంది. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తారట. సరే అన్నాను. ఖర్జూరం కూడా తిన్నాను.

ఫిబ్రవరి 19

ఇలాంటి కబుర్లు దాగవు. మధ్యాహ్నం సురయ్యా క్లినిక్‌కి వచ్చింది. యాభైకి కొత్త పిల్ల వస్తుందట నిజమేనా అంది. అవునన్నాను. ఏడుస్తుందనుకున్నాను. టిష్యూ పెట్టె దగ్గరికి జరిపాను కూడా.

ఏడవలేదు. ఇంక ఏ వెయిట్ ఖాళీగ ఉంది కోచ్, నేను తిని ఆ వెయిట్‌కొస్త అంది.

ఏ వెయిటూ ఖాళీ లేదు. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది. యాభై ఒకటి దాటు, యాభై మూడులో చూద్దాం అన్నాను. ఐదు కిలోలు. ఆ పిల్ల వల్ల కాదు, తనంతట తనే మానుకుంటుంది, నాకు చెప్పే పని తప్పుతుంది అనుకున్నాను.

మార్చి 5

రంజాన్. పగలంతా ఉపవాసం ఉండి బరువు పెరగాలని చూస్తోంది. సాయంత్రం ప్రాక్టీస్ లేదు. అయినా రోజూ వచ్చి స్కేలెక్కుతుంది. నలభై ఏడున్నర.

మార్చి 13

సురయ్యా వాళ్లమ్మ ఫోన్ చేసింది. చిన్నప్పటి నుంచి అన్నం ముందల కూసుంటే ఏడ్పే ఉండె మేడమ్, ఇప్పుడు ఇఫ్తార్‌కు అందరికన్న ముందే కూసుంటుంది, తెల్లారక ముందు సహరీల గూడ లేసి పాలు, ఖర్జూరాలు, పరోటాలు తింటుంది, మొకంల రక్తమొచ్చింది, అంత మీ దయనే అంది. ఇంటికి ఇఫ్తార్‌కి రమ్మని పిలిచింది.

ఒంట్లో బాలేదని చెప్పాను.

మార్చి 14

కొర్నేలుకి అంతా చెప్పాను. ఆ పిల్లని ఎందుకు మేపుతున్నావే అన్నాడు. ఆ మాటకి గయ్‌మన్నాను. నీకేం తెలుసు, వారానికోసారి వచ్చి తిని పడుకునేవాడివి అన్నాను. సాయంత్రం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, రేపే చెప్పెయ్, ఈద్ దాకా లాగితే ఇంకా పాపం అన్నాడు.

మార్చి 16

చెప్దామనే వెళ్లాను. నలభై తొమ్మిది అని చూపించింది. చెప్పలేదు.

ఏప్రిల్ 8

ట్యునీషియా కోచ్ వచ్చింది. మంచిదే, పాపం, ఆవిడననడానికేం లేదు. కొత్త మ్యాట్ కూడా వచ్చింది, నీలం రంగు, ఎక్కడా చిరుగు లేదు. ఫర్జానాని, అబీర్‌ని కొత్త పిల్లలతో వరసలో నిలబెట్టింది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. నన్ను పరిచయం చేస్తూ డీన్ మేడమ్ మా కాలేజీ నర్స్ అంది. కోచ్ చిరునవ్వు నవ్వి, ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ ఎక్కడ పెడతారని అడిగింది.

తరవాత కారిడార్‌లో డీన్‌ని పట్టుకుని అసిస్టెంట్ సంగతి అడిగాను. బడ్జెట్ వచ్చే ఏడాది చూద్దాం, ఇన్షా అల్లా అంది. ఇకామా మార్చడమంటే చాలా పనట. ఫోన్ మోగింది, వెళ్లిపోయింది.

అంటే నేను ఆ పిల్లని ఉత్తినే అమ్మేశాను. ఏదైనా దక్కి ఉంటే కనీసం దొంగనైనా అనిపించుకునేదాన్ని. గ్రోత్ అంటే ఏమిటో నాకు ఇప్పుడు బాగా తెలిసింది. ఆరుగురిలో నలుగుర్ని తీసేశారు, నన్ను మళ్లీ మాత్రల బల్ల వెనక కూర్చోబెట్టారు, ప్రోగ్రామ్ పెరిగింది. వచ్చే నెల ప్రెజెంటేషన్‌లో బాణం ఇంకా పైకి పోతుంది.

కోపం వస్తోంది. ఎవరి మీద అని అడిగితే ముందు డీన్ పేరు చెప్పాలనిపిస్తుంది. కానీ ఆవిడ అడిగింది రెండు పేర్లు. చెప్పింది నేను.

ముగ్గురు పిల్లలకి డీన్ ఆఫీసే మెసేజ్ పెట్టింది. సురయ్యాకి పెట్టొద్దు, నేను చెప్తానని నేనే అన్నాను.

ఏప్రిల్ 10

చెప్పలేదు.

ఏప్రిల్ 14. సోమవారం

యాభై ఒకటి పాయింట్ రెండు. స్కేలు దిగి మళ్లీ ఎక్కి చూసుకుంది. అదే. ఎగిరి నన్ను కావలించుకుంది. ఇప్పుడు తనకి కుస్తీ డ్రెస్సు, సింగ్లెట్, ఎస్ సైజ్ కాదట, ఎమ్ కావాలట, ఆర్డర్ పెట్టేటప్పుడు మర్చిపోవద్దంది.

ఎమ్ అని రాసుకున్నాను.