నువ్వు తిట్టడం మానేశాక

అక్క మస్తానమ్మకు, కువైట్ నుంచి తమ్ముడు దస్తగిరి సలాములు.

ఇక్కడ నేను, నా రెండు కాళ్లు, రెండు చేతులు బాగానే ఉన్నాం. జమ్మలమడుగులో మీరంతా కూడా అట్లాగే ఉండాలి. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఇడుపులపాయలో చదివే పాప సెలవులకు ఇంటికి వస్తోందా? రోజూ ఫోనులో మాట్లాడుతూ మళ్లీ ఈ కాగితం ఎందుకని అనుకుంటావేమో. ఫోనులో నాకు నోరు పెగలడం లేదు. నా రూములో ఉండే ఖాజీపేట రమణ సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు నన్ను మళ్లీ ఎప్పటిలా తిట్టాలి. అది అడగడానికే రాస్తున్నాను, నవ్వకు.

ఎండ సంగతి చెప్పేదేముంది, మన ఊరి ఎండను ఆడిపోసుకున్నందుకు లెంపలేసుకోవాలి. పొద్దున్నే లేచి కారు తుడుస్తాను, నేను పనిచేసే ఇంటివాళ్ల పెద్దమ్మాయిని ఆఫీసు దగ్గర దించుతాను, కూరగాయలు తెస్తాను. మంచి మనుషులే. అన్నం తింటున్నాను. మొన్న కూరలో రెండుసార్లు ఉప్పు వేశానంట, రమణ ఉమ్మేసి అరిస్తే గాని నాకు తెలియలేదు. అంతకు మించి ఏం లేదు. బాగున్నాను.

ఆ పెద్దమ్మాయి కారెక్కిందంటే వాళ్లమ్మకు ఫోను. పెట్టేసే ముందు ప్రతిసారీ అరబ్బీలో ఒకటే మాట. వంట చేసే కేరళావిడను అడిగితే, 'నువ్వంటే ప్రేమ' అని దానర్థమంట. రొట్టెలు తెప్పించమని చెప్పడానికి చేసినా అదే మాట! వీళ్లకు సిగ్గు లేదా అనుకున్నాను మొదట్లో. అమ్మ పోయాక మాత్రం ఆ మాట వినిపించినప్పుడల్లా, మన అమ్మకు నేను అట్లాంటిది ఒక్కటీ చెప్పలేదే అనిపించేది. పోనీ ఉన్న అక్కకైనా చెబుదామని ఆ శుక్రవారం నీకు ఫోను చేశాను.

"అక్కా, నువ్వంటే నాకు శానా ప్రేమ."

నువ్వు వెంటనే, "యాడుండావు రా? పక్కన ఎవురుండారు?" అన్నావు.

"రూములో. రమణ ఉండాడు."

"ఫోను వానికియ్యి."

ఏం చెప్పావో రమణ తర్వాత చెప్పాడు. "వాణ్ని ఒంటిగా ఇడిసిపెట్టద్దప్పా. వాడేందో చేసుకునేట్టుండాడు. కత్తీ గిత్తీ దాచిపెట్టు నాయనా." అతను నా గడ్డం బ్లేడు, ఉల్లిగడ్డలు కోసే కత్తి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మూడు రోజులు ఉల్లిగడ్డలు పిడికిలితో పగలగొట్టుకుని తిన్నాం. ఒట్టు అక్కా, నాకు అట్లాంటి ఆలోచన లేదు. బాగున్నాను.

అప్పటినుంచి నువ్వు మెత్తగా మాట్లాడుతున్నావు. అంతకుముందు "నీ జిమ్మడ, ఫోను చేసేకి చేతులు పడిపోయినాయా?" అనేదానివి. ఇప్పుడేమో "తిన్యావా నాయనా, పండుకున్యావా నాయనా". ఇరవై ఏళ్లలో నాతో 'ఊ' తప్ప మరో మాట అనని బావ కూడా ఫోను తీసుకుని "ఏం బామ్మర్దీ, బాగుండావా?" అన్నాడు. మన ఇంట్లో మెత్తగా పలకరించేది ఎప్పుడో నీకు తెలియదా?

అమ్మ నన్ను తన జన్మలో ఒక్కసారే 'నాయనా' అంది. అదీ చివరి ఫోనులో. "నువ్వు మంచోనివి నాయనా. నీ మింద నాకేం కోపం లేదు. బాగుండు." నువ్వు పక్కనే ఉండి విన్నావు. నేనేం చేశానో తెలుసా? సంబరపడ్డాను. "ఈ పొద్దు మాయమ్మ తిట్టలేదప్పా" అని రమణకు చెప్పి, ఆ సంతోషంలో టీ పెట్టించాను. ఊరికి రావడానికి సెలవు అడిగితే ఇచ్చేవాళ్లే. అడగాలని తోచలేదు. నాలుగో రోజు నీ ఫోను వచ్చింది.

ఆ రోజు కూడా బండి తోలాను. ఎర్రలైటు పడితే ఆగాను, పచ్చలైటు పడితే కదిలాను. ఏడుపు రాలేదు. అమ్మ పేరు మీద నలభయ్యో రోజు ఫాతెహా చదివించింది మీరు ఫోనులో చూపించినప్పుడూ రాలేదు. చేయి కింద పెట్టి పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడు, మనిషినంతా అట్లా ఉన్నాను. గిల్లినా తెలియదు.

నా ఒక్క మాటకే నువ్వు ఇక్కడ కత్తులు దాచిపెట్టించావు. అమ్మ అన్ని మాటలంటే నేను టీ తాగాను. అమ్మ మాటలు విన్నా నేను రాలేదని నీకు తెలుసు. తెలిసి కూడా ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు.

బావకు సలాములు చెప్పు. పాపకు నా ముద్దులు. పక్కింటి హుసేనమ్మ అవ్వను అడిగానని చెప్పు. రమణ తిరిగొచ్చేటప్పుడు శనక్కాయల పొడి ఇచ్చి పంపు, నాకు రుచి తెలియకపోయినా రూములో వాళ్లు తింటారు.

పెద్దదానివి, దీవించమని ఇక్కడ రాయాలి. దీవెనలు వద్దక్కా. చదవడం అయిపోగానే ఫోను చేయి. 'అమ్మ అట్లా మాట్లాడితే కూడా ఎందుకు రాలేదురా' అని అడుగు. వీధి వీధంతా వినపడేట్టు అడుగు.

నీ తమ్ముడు
దస్తగిరి