చేని గట్టున, నాగన్న పక్కన

కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకా, త్రిపురాంతకం దగ్గరి పల్లెలో కాపురమున్న కీర్తిశేషుడు నాగన్న భార్య మగ్దలీనమ్మ అను నేను, ఒళ్ళు జ్వరంతో కాలుతున్నా తెలివి చెదరక, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా బిడ్డలు సామ్యేలు, ఎలీషబాల కొరకు చెప్పి వ్రాయించిన వీలునామా. దీనిని జరిపించే భారం మా పొరుగు రైతు చెన్నకేశవులుగారిది.

1. వాగు పక్క మెట్టచేను కొడుకు సామ్యేలుకు చెందవలెను. అయితే కడపటి అంశం నెరవేర్చిన పిమ్మటే.

2. ఇల్లు, మేకలు కూతురు ఎలీషబావి. పోయిన ఏడు దాని బిడ్డ పేరు పెట్టకముందే కన్ను మూసినప్పుడు, "అమ్మా, పోతాదని తెలిసే ఇచ్చినాడా దేవుడు?" అని అడిగింది. నేను లేచి పాలకుండ కడగబోయినాను. ఇప్పుడు దానికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. నా మెత్తటి కోకలన్నీ పొత్తిగుడ్డలకు చించుకోవలెను. ఒక్కటి కూడా నా శవం మీద కప్పి పాడుచేయవద్దు.

3. నా భర్త సంగతి బిడ్డలకు సరిగా తెలియవలెను. నా బాప్తిస్మానికి గుండ్లకమ్మ ఏటి దాకా బండి కట్టింది ఆయనే. తాను మాత్రం గట్టున కూర్చున్నాడు. నువ్వూ నమ్ముకొమ్మని ఎప్పుడు బతిమాలినా, "నేను వచ్చేది రానిది మీ దేవునికి ముందే ఎరికంట గదా! ఇంక నీకు తొందరేంది?" అని నవ్వేవాడు. వరదనాడు చెన్నకేశవులుగారి గొర్రెలను ఒడ్డుకు చేర్చి, తాను ఏట్లో పోయినాడు.

గుడి సమాధుల దొడ్డిలో ఆయనకు చోటు అడిగితే పాస్టరు దేవరాజుగారు, "అతడు నమ్మడని దేవునికి ముందే తెలుసమ్మా," అన్నారు. ఓదార్పుగానే అన్నారేమో. ఆనాటి నుంచి ప్రార్థనకు కళ్ళు మూస్తే నాకు చెమటలు పడతాయి. చివరికి నాగన్నను మా చేని గట్టునే పూడ్చినాము.

4. నాకు విషజ్వరం వచ్చినప్పుడు అదే దేవరాజుగారు వానలో నడిచి వచ్చి నా తలాపిన కూర్చున్నారు. నాగన్న గొంగడి ఆయనకు ఇవ్వవలెను. మంచి వెచ్చన. కప్పుకున్నప్పుడల్లా అది ఎవరిదో ఆయనకు గుర్తు రావలెను.

5. నన్ను సమాధుల దొడ్డిలో పెట్టవద్దు. చేని గట్టున నాగన్న పక్కన పూడ్చవలెను. ఈ మాటకు సామ్యేలు, "అట్ల చేస్తే చచ్చినోళ్ళను లేపేనాడు దేవుడు నిన్ను యాడ వెతుకుతాడమ్మా?" అని ఏడ్చినాడు. నాయనా, నాకూ అదే భయం. నేను తల్లి కడుపున పడకముందే ఈ కోరిక కోరుతానని ఆయనకు తెలుసు. తెలిసీ నన్ను పిలిచినాడా, తెలిసే విడిచినాడా? ఎంత తడిమినా నాకు అంతు చిక్కలేదు. ఒకటి మాత్రం అనుకుంటాను: నాగన్న నీళ్ళలో చెయ్యి పైకెత్తిన ఘడియ కూడా ఆయన చూసినదే. మనుషులం మేము ఒడ్డున ఉండి, ఆ చెయ్యి ఏమి అడిగిందో వినలేకపోయినాము. ఆయన విన్నాడో లేదో. భయపడుతూనే చెబుతున్నాను, అక్కడే తవ్వండి.

1931వ సంవత్సరం నవంబరు 9వ తేదీ.

మగ్దలీనమ్మ వేలిముద్ర.

సాక్షులు: పిచ్చయ్య, గురవమ్మ.

వ్రాసినది చెన్నకేశవులు. మొదటి ముద్ర చెదిరినందున, గురవమ్మ ఆమె మణికట్టు పట్టుకొనగా రెండవది వేయించడమైనది.