కారుకి హారతి

ఏవండీ,

చెరువు నుంచి రాగానే కారు స్టార్టు చేయకండి. మీ ఫోను ఇంట్లోనే మర్చిపోయారు కాబట్టి ఇలా రాసిపెడుతున్నాను. నిన్న మీరు పెట్రోలు పైపుకి వేసిన కొత్త జాయింట్లలో ఇంజను వైపుది కారుతోంది. కింద ఇసుక పోశాను. మావయ్యగారిని చుట్టతో అటు వెళ్ళనివ్వకండి.

ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడకండి. బండి బాగయిందని అత్తయ్యగారు పొద్దున్నే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హారతివ్వడానికి కర్పూరం పళ్ళెం తెచ్చారు. కింద తడి చూసి నేను కళ్ళాపి చల్లాననుకున్నారట. నాకు వాసన తగిలి, ఆవిడ చేతిలో అగ్గిపెట్టె లాగేసుకున్నాను.

"అత్త చేతిలోది లాక్కుంటావటే? మీ ఊళ్ళో ఇదేనా నేర్పింది?" అన్నారు.

ఆ తడిలో వేలు ముంచి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. అక్కడే మెట్టు మీద కూలబడిపోయి, "హారతి కాదే అమ్మాయ్, కొరివి పెట్టబోయాను" అన్నారు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

నిన్న మీరు బిగించేటప్పుడు మిగతా రెండు జాయింట్లూ నొక్కగానే టక్కుమన్నాయి, ఇప్పుడు కారేది అనలేదు. అప్పుడే చెప్పబోతే, "నువ్వు లైటు సరిగ్గా పట్టుకో, చాలు" అన్నారు. నేను మళ్ళీ మాట్లాడలేదు. ఇకనుంచి మాట్లాడతాను.

గూడెం నుంచి మెకానిక్కు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి. నా ఏలూరు బస్సుకి వేళయింది.

మైథిలి

హారతి సంగతి మీకు చెప్పొద్దన్నారు అత్తయ్యగారు. మీరు తెలియనట్టే ఉండండి. కాఫీ మాత్రం మీరే పెట్టివ్వండి, ఆవిడ పొద్దుటి నుంచి స్టవ్వు దగ్గరికి కూడా వెళ్ళడం లేదు.