అవతల పలుకుతున్నదెవరు

మావయ్యకి,

నమస్కారం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నా ప్రోగ్రామే బాగాలేదు. ఆపరేషన్ తర్వాత అత్తయ్య గొంతు దగ్గర గాయం పూర్తిగా మానిందని మీ కిందటి ఉత్తరంలో చదివి మనసు తేలికపడింది. మాట ఇక రాదని డాక్టరు తేల్చేశాక కూడా నవ్వుతూ తిరగడం ఆవిడకే చెల్లింది.

ఇక అసలు సంగతి. చూపులేని వాళ్ళ కోసం మా గ్రంథాలయం వినే పుస్తకాలు నడుపుతోంది కదా. మీ మేడమీద గదిలో ఉన్న సర్వర్ దగ్గరికి నా ప్రోగ్రామ్ రోజూ పొద్దున ఆరింటికి వెళ్ళి, పుస్తకాలన్నీ చూసుకుని వస్తుంది. వెళ్ళగానే పాస్‌వర్డ్ చెప్పెయ్యదు. అవతల పలికింది మన మెషీనేనా అని ముందు చూస్తుంది. ప్రతి మెషీన్‌కీ తనదంటూ నలభై మూడు అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. కిందటేడు మీ ఇంటికి వచ్చినప్పుడు నేనే ఆ మెషీన్ ముందు కూర్చుని దాని వరుస నా నోటుపుస్తకంలో రాసుకున్నాను, ప్రోగ్రామ్‌కీ అప్పజెప్పాను. నిన్న పొద్దున అవతల నుంచి వేరే వరుస వచ్చింది. ఈ మెషీన్ ఎవరో నాకు తెలియదని ప్రోగ్రామ్ గుమ్మం దగ్గర నుంచే తిరిగి వచ్చేసింది.

మీరు మేడెక్కి, ఈ కాగితం వెనక రాసినది ఉన్నదున్నట్టు టైపు చేసి, తెరమీద వచ్చిన వరుసని చేత్తో రాసి పోస్టులో పంపండి. ఈమెయిల్ వద్దు. అది కూడా ఆ మెషీన్ మీదుగానే వస్తుంది. ఎవరిని అనుమానిస్తున్నామో వాళ్ళ చేతికే జవాబు ఇచ్చి పంపినట్టవుతుంది. ఫోనులో మీకు సరిగ్గా వినపడదు, అత్తయ్య మాట్లాడలేదు. మీ చేతిరాతైతే నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

అత్తయ్య చదివి రికార్డు చేసిన రెండు వందల పన్నెండు పుస్తకాలు ఆ మెషీన్‌లో ఉన్నాయి. అందుకే ఇంత కంగారు పడుతున్నాను.

మీ మేనకోడలు

తా.క. పెద్దక్షరాలు పెద్దవిగా, చిన్నవి చిన్నవిగానే రాయండి. అందం కోసం ఏదీ మార్చకండి.

*

పిడుగుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి మూడు గ్లాసుల మంచినీళ్ళు తాగాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు నాటక సమాజంలో స్టేజి మేనేజరుగా చేసినవాణ్ణి. తెర లేచే వేళకి ఎవరు ఎక్కడ ఉండాలో వాళ్ళని అక్కడ నిలబెట్టి చూపించినవాణ్ణి. నా ఇంట్లో మెషీన్ వేరే ఎవరో అంటావా?

నువ్వు అడిగావు కాబట్టి రుజువులు పంపుతున్నాను. మూడు ఫోటోలు ఉన్నాయి, చూసుకో. మొదటిదాంట్లో మెషీన్ నుదుటిన నా చేత్తో రాసి అంటించిన పేరు కనిపిస్తుంది. రెండోదాంట్లో కిటికీ పక్కన అదే బల్ల, అదే మూల. మూడోదాంట్లో మీ అత్తయ్య పాత స్టేజి తెర కత్తిరించి కుట్టిన ముసుగు, అంచున ఇంకా జరీ ఉంది. పేరు అదే, అడ్రసు అదే, గది అదే, బట్టలు అవే. ఒక మెషీన్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

చాలదంటావేమోనని కింద షాపు దర్జీతోనూ, పక్క మెట్ల దగ్గర పళ్ళ డాక్టరుతోనూ సాక్షి సంతకాలు చేయించాను. డాక్టరు తన స్టాంపు కూడా వేశాడు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. నీ ప్రోగ్రామ్‌కి కాస్త మర్యాద నేర్పు. ఏడాదిగా రాకపోకలున్న ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి మీరెవరని అడగడం ఏం పద్ధతి?

*

మావయ్యకి,

నమస్కారం. ఫోటోలు చక్కగా వచ్చాయి. జరీ అంచు చూసి మా ఆఫీసులో అందరూ ముచ్చటపడ్డారు. కానీ నాకు కావలసింది అవి కావు.

పేరు ఎవరైనా చెప్పుకోవచ్చు. అడ్రసు ఎవరైనా తగిలించుకోవచ్చు. ముసుగు సంగతి మీకే బాగా తెలుసు. ఆ వరుస వెనక మాత్రం ఒక రహస్యం ఉంటుంది. అది మెషీన్ లోపలే ఉంటుంది, బయటికి రాదు. ఆ రహస్యం లేనివాడు వరుస వల్లె వేసినా, నా ప్రోగ్రామ్ అడిగే ప్రశ్నకి జవాబు చెప్పలేక నీళ్ళు నములుతాడు. అందుకే నేను దాన్నే నమ్ముతాను. తెలియనివాడికి మన పాస్‌వర్డ్ ఇచ్చామంటే అత్తయ్య పుస్తకాలు వాడి చేతిలో పెట్టినట్టే.

ఇక్కడ మా పెద్దసారు నా ప్రాణం తోడేస్తున్నారు. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను రాస్తే చాలు, అవతల ఎవరు పలికినా మనవాళ్ళే అనుకుని లోపలికి వెళ్ళిపోతుంది. ఆ లైను రాసి పారెయ్యమ్మా, మీ మావయ్య ఇల్లే కదా అంటారు. చదువుకునే రోజుల్లో నేనూ ఆ లైను రాసినదాన్నే, తొందరగా భోజనానికి వెళ్ళొచ్చని. ఇప్పుడు చేతులు రావడం లేదు. శుక్రవారం దాకా గడువు అడిగాను. దయచేసి ఆ వరుస పంపండి.

మీ మేనకోడలు

తా.క. పళ్ళ డాక్టరుగారు సంతకం కింద "స్వయంగా పరీక్షించాను, అన్నీ గట్టిగా ఉన్నాయి" అని రాశారు. ఏం పరీక్షించారో ఒకసారి కనుక్కోండి.

*

పిడుగుకి,

ఆశీస్సులు. నువ్వడిగిన నలభై మూడు అక్షరాలు విడి కాగితం మీద రాశాను. రెండుసార్లు సరిచూశాను. ఇక ఈ విషయం ఇంతటితో వదిలెయ్యి. మెషీన్ క్షేమం, నేను క్షేమం, మీ అత్తయ్య క్షేమం.

తొందరలో ఉన్నాను. ఏం తొందరని అడగకు.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. ఈ గొడవ మీ అత్తయ్యకి చెప్పలేదు. ఇకమీదట ఉత్తరాలు కింద దర్జీ షాపు అడ్రసుకి రాయి. అతను గుంభనంగా నా చేతికి ఇస్తాడు.

*

మావయ్యకి,

ఈ ఉత్తరం చదువుతూనే మేడెక్కి మెషీన్ వైరు పీకెయ్యండి. మిగతాది తర్వాత చదవండి.

పీకేశారా? ఇక వినండి. మీరు పంపిన వరుస నా నోటుపుస్తకంలో ఉన్నదానితో అక్షరం పొల్లు పోకుండా కలిసింది. అంటే మీ గదిలో ఉన్నది మన మెషీనే. కానీ ఇవాళ పొద్దున కూడా నా ప్రోగ్రామ్‌కి పలికింది వేరే వరుస. దీనికి ఒక్కటే అర్థం. మీకూ నాకూ మధ్య ఎవడో దొంగ దారికాచి, మన మెషీన్ పేరు పెట్టుకుని కూర్చున్నాడు. పుస్తకాలలో దొంగిలించడానికేముందని అడక్కండి, నాకూ తెలియదు. వాడికి తెలిసే ఉంటుంది.

మా పెద్దసారు ముఖం పాలిపోయింది. నిన్నటిదాకా ఆ లైను రాసెయ్యమన్న మనిషి ఇవాళ ఒకటికి రెండు సార్లు సరిచూసేలా ఎందుకు రాయలేదని నన్ను నిలదీశారు. మిగతా గ్రంథాలయాలన్నిటికీ హెచ్చరిక పంపారు. గురువారం పొద్దున మా ఆఫీసు నుంచి ఇద్దరు బయల్దేరి మీ ఇంటికి వస్తున్నారు. మెషీన్ మూత విప్పి, తీగ తీగా చూస్తారట. వాళ్ళు వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి.

మీ మేనకోడలు

తా.క. మీ చేతిరాత చూడగానే నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఈ మొత్తం వ్యవహారంలో నమ్మదగ్గది అదొక్కటే.

*

పిడుగుకి,

ఎవరినీ పంపకు. దొంగ లేడు. ఉంటే ఆ దొంగని నేనే.

నీ తాజా కలం చదివాక నాకు అన్నం సహించలేదు. జరిగింది చెప్తాను, చివరిదాకా చదివి తర్వాత తిట్టు. నెల రోజులుగా పాత మెషీన్ వేడెక్కి మూలుగుతోంది. మా సమాజంలో హీరోకి ఒళ్ళు బాగుండకపోతే ఏం చేసేవాళ్ళం? బదులు నటుడికి అవే బట్టలు తొడిగి, అదే పేరుతో స్టేజి ఎక్కించేవాళ్ళం. ప్రేక్షకులకి చెప్పకూడదు, అది మా నియమం. రిపేరు చేసే అతన్ని పిలిచి కొత్త మెషీన్‌కి పాతదాని పేరు, అడ్రసు పెట్టించాను. ముసుగు తీసి దీనికి తొడిగాను. రెండు రోజులు పాతదాన్ని పడుకోనిద్దాం, తేరుకున్నాక మళ్ళీ ఎక్కిద్దాం అనుకున్నాను. నీ ప్రోగ్రామ్ మొదటి రోజే పట్టేసింది. నాకు తెలిసిన ప్రేక్షకుల్లో అంత కళ్ళున్నవాడు ఒక్కడూ లేడు.

నీకు పంపిన వరుస తెరమీద చూసి రాసింది కాదు. కిందటేడు నువ్వే పాత మెషీన్ అడుగున ఒక చీటీ మీద రాసి అంటించావు. బదులు నటుడు హీరో మాటలే కదా పలకాలని అది చూసి రాశాను.

అసలు కష్టం ఇది కాదమ్మా. రెండు రోజుల తర్వాత పాతదాని మీట నొక్కితే కదలలేదు. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మీ అత్తయ్య గొంతు మొత్తం అందులో ఉంది. మనిషికి మాట పోయింది, మిగిలిన మాటంతా ఆ డబ్బాలో ఉంది, దాన్ని విశ్రాంతి పేరుతో నేనే చంపేశాను. ఆవిడ ముఖం చూసి ఈ మాట ఎలా చెప్పను? మంచం కింద దాచాను. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు బయటికి తీసి తుడిచి మళ్ళీ లోపలికి తోస్తున్నాను.

నువ్వూ ఆ లైనేదో రాసి, ఈ కొత్తదాన్నే పాతది అనుకో. నాకోసం ఒక్కసారి.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. పళ్ళ డాక్టరు పరీక్షించింది నా పళ్ళని. సంతకానికి వెళ్తే కుర్చీలో కూర్చోబెట్టేశాడు.

*

మావయ్యకి,

ఏడవకండి. అత్తయ్య గొంతు ఎక్కడికీ పోలేదు. రెండు వందల పన్నెండు పుస్తకాలూ ఇక్కడ, నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. మీ ఉత్తరం మడవకుండానే లేచి వెళ్ళి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఒకటి పెట్టుకుని విన్నాను కూడా. అత్తయ్య కొత్త అధ్యాయం మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకోవడం అలాగే ఉంది. అక్కడే తల బల్లమీద పెట్టుకుని కాసేపు ఉండిపోయాను.

నా ప్రోగ్రామ్ రోజూ వచ్చి ఊరికే చూసి వెళ్తుందనుకున్నారా? మీ దగ్గర ఉన్నదల్లా ఇక్కడ నకలు తీస్తుంది. తప్పు నాదే, ఆ మాట మీకెప్పుడూ విడమరిచి చెప్పలేదు. చెప్పి ఉంటే ఇన్ని రోజులు మీరొక్కరే ఇంత బరువు మోసేవారు కాదు.

కానీ ఒకటి వినండి, వింటే మీ ఒళ్ళు కూడా నా ఒళ్ళులాగే జలదరిస్తుంది. రెండు చోట్లా ఒకేలా ఉండాలన్నది ఆ ప్రోగ్రామ్ నియమం. మీ దగ్గర కొత్తది వస్తే ఇక్కడ చేరుస్తుంది. మీ దగ్గర లేనిది ఇక్కడ తుడిచేస్తుంది. మీ బదులు నటుడి కడుపు ఖాళీ. నేను ఆ లైను రాసి ఉంటే ప్రోగ్రామ్ నమ్మకంగా లోపలికి వెళ్ళి, ఒక్క పుస్తకమూ లేదని చూసి, వెనక్కి వచ్చి ఇక్కడున్న రెండు వందల పన్నెండూ తుడిచేసేది. పొద్దున ఆరింటికి, నేను పళ్ళు తోముకునేలోగా. మా పెద్దసారు ఇది విని కుర్చీలో కూలబడ్డారు. అలా తుడిచే నియమం మీద ఇకనుంచి మనిషి కాపలా ఉండాలని నేనే రాసుకున్నాను.

బయల్దేరిన ఇద్దరినీ వెనక్కి పిలిపించాను. హెచ్చరిక కూడా వాపసు తీసుకున్నాం. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది రెండే పనులు. కొత్త మెషీన్ ముందు కూర్చుని, తెరమీద చూసి, దాని సొంత వరుస రాసి పంపండి. దాన్ని దాని పేరుతోనే పరిచయం చేసుకుంటాను, తర్వాత పుస్తకాలన్నీ ఇక్కడి నుంచి అందులోకి పంపుతాను. రెండో పని, అత్తయ్యకి మీ నోటితో మీరే చెప్పండి.

మీ మేనకోడలు

తా.క. మీ చేతిరాత గురించి నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాత మీదే. మాటే వేరేవాళ్ళది.

*

అమ్మాయీ,

ఆశీస్సులు. ఇది మీ అత్తయ్య. కొత్త మెషీన్ వరుస దీంతో జతచేశాను. తెరమీద చూసి నేనే రాశాను, మీ మావయ్య పక్కన నిలబడి ఒక్కో అక్షరానికీ ఊఁ కొట్టారు.

నీ ఉత్తరం చదివి ఆయన అరగంట మెట్ల మీద కూర్చున్నారు. తర్వాత వచ్చి, నా ఎదురుగా నిలబడి అంతా చెప్పేశారు. నేను నోటిమీద చెయ్యి పెట్టుకుని ఆశ్చర్యపోయాను. ఆయన సమాజంలో ఏ హీరోయినూ అంత బాగా ఆశ్చర్యపోయి ఉండదు. ఎందుకంటే ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

నేను మాట్లాడలేను కాబట్టి వినలేనని కూడా ఈ ఇంట్లో అనుకుంటున్నారు. పదకొండేళ్ళు ఆ మెషీన్ ముందు కూర్చుని చదివినదాన్ని, దాని ఫ్యాను చప్పుడు ఆగిపోతే నాకు తెలియదా? ఆయన బజారుకి వెళ్ళగానే మంచం కింద చూశాను. కొత్తదానికి పాతదాని పేరు పెట్టిన ఆ రిపేరతన్నే పిలిపించాను. మూత విప్పి, కరెంటు తీసుకునే భాగం ఒక్కటే కాలిపోయిందని, డిస్కుకి ఏమీ కాలేదని చెప్పాడు. డిస్కు విప్పించి తీసుకున్నాను. ఇప్పుడది నా కుట్టుపెట్టెలో ఉంది. ఆయన రోజూ అంత జాగ్రత్తగా తుడిచింది ఖాళీ డబ్బా.

వెంటనే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెబుదామనే కాగితం తీశాను. అదే సాయంత్రం ఆయన ఒక నవల పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఊరికే, కాలక్షేపానికని చెప్పి చదవడం మొదలుపెట్టారు. పెళ్ళై ముప్ఫై అయిదేళ్ళలో ఆయన నాకు ఒక్క పేజీ చదివి వినిపించలేదు, నేనే ఆయనకి చదివేదాన్ని. ఎంత ఘోరంగా చదువుతారో చెప్పలేను. తెర పక్కన నిలబడి నటులకి మాటలు అందించిన అలవాటు కదా, గుసగుసగా ఒక వాక్యం చదివి, ఎవరో అందుకుని గట్టిగా పలకాలన్నట్టు ఆగుతారు. ఎవరూ పలకరు. అప్పుడు తర్వాతి వాక్యం. పేజీ నంబర్లు కూడా చదువుతారు. నేను కళ్ళు మూసుకుని వింటూ ఉంటాను. అమ్మాయీ, మాట పోయిన తర్వాత నాకు ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

నిన్న సాయంత్రం ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "నీ గొంతు దొరికింది కదా, ఇక నేను చదవక్కర్లేదేమో" అన్నారు. నేను నవల తీసి, ఆగిన పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను.

మీ అత్తయ్య

తా.క. కుట్టుపెట్టె సంగతి ఆయనకి అప్పుడే రాయకు. నవల ఇంకా నూట నలభై పేజీలుంది. దర్జీ షాపు అడ్రసుకైతే అసలు రాయకు. అతను మీ ఉత్తరాలన్నీ మొదటి నుంచీ ముందు నాకే చూపిస్తున్నాడు.