రోజాలో తీయించుకున్న స్కానింగ్

సిద్దిపేట,
6 జనవరి 1999.

చిరంజీవి షమ్షున్నీసాకు, అల్లుడు అజీజ్‌కు అబ్బా దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమే అని రాయడం ఆనవాయితీ. మీ అమ్మ మటుకు క్షేమమే. భివండీలో మీరూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది, నోరు మాత్రం బాగా పనిచేస్తోంది. స్కానింగ్ అంటే మళ్లీ కోస్తారా అని అడిగావు. కోయరు బేటీ. పొట్ట మీద చల్లటి జిగురు పూసి, పిడికెడంత యంత్రం ఆనించి తిప్పుతారు. రియాద్‌లో ఆపరేషన్ చేసి నాకు పెట్టిన కాలేయం టీవీలో కనబడుతుంది. దానిలోకి నెత్తురు సరిగా పోతోందా, పసరు గొట్టాలు ఉబ్బాయా అని చూస్తారు.

శనివారం పోయాను. బెంచీ నిండా గర్భిణులే, మధ్యలో గడ్డంతో నేనొక్కణ్ణి. కాంపౌండరు రాజమల్లయ్య అందరికీ నీళ్లు తాగిస్తూ నాకూ చెంబు పట్టాడు.

"నాకొద్దు భాయ్, నాది కార్జం పని. రోజా ఉపాసం గూడ ఉన్న" అన్నాను. పక్కనున్నామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

డాక్టరమ్మ స్వరాజ్యలక్ష్మి గారు చాలాసేపు చూశారు. నెత్తురు పారే చప్పుడు నాకూ వినిపించింది, తడిబట్ట దులిపినట్టు.

"రక్తం మంచిగ పోతుంది. పరగడుపున్నే వచ్చిన్రా?"

"తెల్లారకముందు సహర్ తిన్నంక ఏం ముట్టలే మేడం."

"మరి గోలీలు?"

"వేళకే ఏసుకుంటున్న."

స్కానింగ్ బాగుందని విని మీ అమ్మ మసీదుకు ఖర్జూరాలు పంపింది.

గోలీలు తప్పడం లేదు కదా అని నువ్వూ అడిగావు. తప్పాయి బేటీ. కొత్త కాలేయాన్ని పరాయిదనుకుని ఒళ్లు తరిమెయ్యకుండా ఆపేవి అవే. పొద్దున తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. రంజాన్ మొదలైన నాటి నుంచి పొద్దుటిది మానేశాను. మీ అమ్మ చూడకుండా జేబులో వేసుకుని బయట పారేసేవాణ్ణి. రోగులకు రోజా మాఫీ అని ఇమాం సాబ్ చెప్పనే చెప్పారు. కానీ ఈ కాలేయం ఎవరిదంటే, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక లారీ డ్రైవరుది అని మాత్రమే అక్కడ చెప్పారు. పేరు కూడా తెలియని ఆ మనిషి కోసం ఒక్క నెల రోజా ఉందామనుకున్నాను.

స్కానింగ్ రోజున తీసిన రక్తం రిపోర్టు నిన్న వచ్చింది. డాక్టరమ్మ పిలిపించారు.

"స్కానింగ్ల మంచిగుంది, రక్తంల పాడున్నది. కార్జం చెడుడు మొదట్ల బొమ్మల కనబడకపోవచ్చు. నిజం చెప్పున్రి."

చెప్పాను.

"నన్నడిగితే సహర్ల ఒకటి, ఇఫ్తార్ల ఒకటి ఏసుకునేటట్టు సర్ది చెప్తుంటి గద!" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

రేపు పొద్దున బస్సుకు పట్నం పెద్దాసుపత్రికి పోతున్నాను. సూదితో కాలేయంలోంచి చిన్న ముక్క తీసి చూస్తారట. మందులకు లొంగొచ్చు, లొంగకపోవచ్చు అన్నారు. భయంగా ఉంది బేటీ.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి మీ అమ్మకు చెప్తాను. ఆమె తిట్లు పడతాను, నీవీ పడతాను. కానీ ఆ డ్రైవరుకు ఎవరు చెప్పాలి? అతనిది ఈ లోకంలో బతికున్నది ఈ కాలేయమొక్కటే. అతని పేరు చెప్పి దాని ప్రాణం మీదికే తెచ్చాను.

ఇట్లు,
మీ అబ్బా,
ఫజల్.