గేటు దగ్గర మీ చోటు

ఏమండీ,

మీరు పోయి మూడు నెలలైంది. అప్పటి నుంచి కరాటే పేరెత్తని మన మనవరాలు మానస ఈ రోజు "ఒక్కసారి పోయి చూస్తా, తాత లేక మనసు పట్టకపోతే మానేస్తా" అంది. సూర్యాపేటలో దాని కరాటే క్లాసు అయ్యేదాకా మీరు రోజూ నిలబడే బడి గేటు దగ్గరే నేనూ నిలబడ్డాను.

మాస్టర్ పిల్లలను మోకాళ్లు వంచి పది నిమిషాలు కదలకుండా నిలబడమన్నాడు. ఆరో నిమిషానికే దాని కాళ్లు వణికాయి. నాలుగుసార్లు గేటు వైపు చూసింది, లెక్కపెట్టాను. మీరైతే చేయి ఊపి నవ్వేవారట. నేను మాత్రం "చాలు మాస్టరూ, పిల్ల పడిపోతది!" అని అరిచాను. గారాబం చేస్తున్నారని మిమ్మల్ని ఇన్నేళ్లు సతాయించిన నేనే!

"మధ్యల రాకు నానమ్మా, ఇంక జరంత సేపే" అని అదే నన్ను కసిరింది. పది నిమిషాలూ నిలబడింది.

ఇంటికొచ్చాక దాని పిక్కలకు నూనె రాశాను.

"జర మెల్లగ. తాత గింత గట్టిగ ఒత్తెటోడు కాదు."

"మీ తాత నిన్ను చెడగొట్టిన్రు. రేపు పోతవా, లేదా?"

"నువ్వొస్తే పోత. కానీ అరవొద్దు."

సరేనన్నాను. ఊరికే నిలబడి చూడటం ఇంత కష్టమని మీరెప్పుడూ చెప్పలేదే.